నీటి మీది ఒంటి పొరను చదివిన పనితనం

పరారుణ వర్ణపటమాపకం ఉన్న ప్రయోగశాలలో కొత్తగా చేరిన విద్యార్థికి సీనియర్లు మొదట చెప్పేది నీళ్లను దాని దరిదాపులకు రానివ్వొద్దనే. నమూనాను బిగించే కిటికీ పలకలు చాలాచోట్ల ఉప్పుతోనే చేస్తారు. సోడియం క్లోరైడ్, కాకపోతే పొటాషియం బ్రోమైడ్. తడి వేలు తగిలితే చాలు, పలక మసకబారిపోతుంది. అందుకే వాటిని డెసికేటర్లో దాస్తారు, వానాకాలంలో మరీ జాగ్రత్తగా. కరగని పలక వాడినా చిక్కు తీరదు. నీరు పరారుణాన్ని విపరీతంగా మింగేస్తుంది. మనం వెతికే సన్నని గుర్తులు దాని గుర్తుల కింద పడి మాసిపోతాయి.

అలాంటి పరికరం పక్కన తొట్టెడు నీళ్లు పెట్టి, ఆ నీటి మీద ఒక్క అణువు మందాన తేలే కొవ్వు పొర గురించి అడగాలని 1980లలో కొందరు పూనుకున్నారు. నీటి మీద ఉన్నదాన్ని ఉన్నచోటే పరారుణంతో చదవవచ్చని అమెరికాలో రిచర్డ్ డ్లూహీ, డొనాల్డ్ కార్నెల్ 1985లో చూపించారు. తర్వాత న్యూజెర్సీలోని నెవార్క్‌లో, రట్గర్స్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మెండెల్సన్, ఆయనతో కలిసి పనిచేసిన కేరొల్ ఫ్లాక్, జోసెఫ్ బ్రౌనర్ తదితరులు ఏళ్ల తరబడి ఈ పద్ధతికి నునుపు పెట్టారు. వాళ్లు ఎక్కువగా తలకెత్తుకున్న పొరల్లో ఒకటి మన ఊపిరితిత్తుల్లోనిది. ఈ వ్యాసం వాళ్ల ఫలితాల జాబితా కాదు. ఆ పని చేసిన తీరు గురించి.

ముందు పొర కథ క్లుప్తంగా. ఊపిరితిత్తుల చివర కోట్ల సంఖ్యలో చిన్న గాలి గదులుంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో అయిదో వంతు వ్యాసం. లోపలి గోడ తడిగా ఉంటుంది, తడి ఉన్నచోట తలతన్యత ఉంటుంది, అది గదిని ముడుచుకుపొమ్మని లాగుతుంది. శరీర ఉష్ణోగ్రత దగ్గర శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 70 మిల్లీన్యూటన్లు. లాప్లాస్ సూత్రంలో ఈ అంకె వేస్తే, అంత చిన్న గదిని తెరిచి ఉంచడానికే 14 సెంటీమీటర్ల నీటిమట్టంతో సమానమైన ఒత్తిడి కావాలి. మామూలుగా ఊపిరి తీసుకునేటప్పుడు మనం వాడేది అందులో సగం కూడా ఉండదు. మరి నడుస్తోందంటే ఏదో ఒకటి ఆ తలతన్యతను తగ్గిస్తోందన్నమాట.

ఊపిరితిత్తుల బిగువులో పెద్ద వాటా ఈ ఉపరితలానిదేనని కర్ట్ ఫాన్ నీర్‌గార్డ్ 1929లోనే కనిపెట్టాడు. పాతికేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 1955లో ఇంగ్లండులో రిచర్డ్ పాటిల్ ఊపిరితిత్తుల నురుగులోని బుడగలు ఎంతకూ చితకకపోవడం చూశాడు. 1957లో అమెరికాలో జాన్ క్లెమెంట్స్ తాను కట్టుకున్న తూకంతో ఊపిరితిత్తుల సారాన్ని కొలిచి, పొరను నొక్కేకొద్దీ తలతన్యత 10 కన్నా కిందికి జారిపోతుందని రుజువు చేశాడు. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అసలు సంగతి బయటపెట్టారు: నెలలు నిండకుండా పుట్టి ఊపిరాడక చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తుల్లో తలతన్యతను తగ్గించే ఈ పదార్థం, అంటే సర్ఫక్టెంట్, లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ రెండు రోజులైనా నిండకుండా చనిపోయింది ఈ జబ్బుతోనే. ఆవుల ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫక్టెంట్‌ను జపాన్‌లో తెత్సురో ఫుజివారా పదిమంది పసికందులకు ఇచ్చి ఫలితం చూపించేసరికి 1980 వచ్చింది.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. ఊపిరితిత్తుల లెక్క దానికి సరిగ్గా ఎదురు. గర్భంలో గడిచే ప్రతి వారానికీ సర్ఫక్టెంట్ పెరుగుతుంది. ఎనిమిదో నెల బిడ్డకే మేలు.

ఆ పదార్థంలో తొంభై శాతం కొవ్వులు, మిగతాది ప్రొటీన్లు. కొవ్వుల్లో పెద్దది డైపాల్మిటాయిల్ ఫాస్ఫాటిడైల్‌కోలిన్. ఇకపై డీపీపీసీ అందాం. దీనికి నీటిని ఇష్టపడే తల ఒకటి, నీటిని వదిలి గాలిలోకి నిలబడే తోకలు రెండు. తోకలు పాల్మిటిక్ ఆమ్లానివి, పదహారు కార్బన్ల పొడవు, మధ్యలో ఎక్కడా ద్విబంధం లేదు. కాబట్టి నిటారుగా, దగ్గరదగ్గరగా సర్దుకోగలవు. 41 డిగ్రీల దాకా కరగవు, మన ఒంటి వేడి 37. ఊపిరి వదిలేటప్పుడు గాలి గది కుంచించుకుంటుంది, పొర నలుగుతుంది, తోకలు బిగుసుకుంటాయి, తలతన్యత దాదాపు సున్నాకు చేరుతుంది. ఇదంతా తలతన్యత కొలిచి ఊహించిందే. తోకలు నిజంగా బిగుసుకుంటున్నాయా, పొరలో ఎవరున్నారు, ఎవరు వెళ్లిపోయారు అన్నది తూకం చెప్పదు. అణువుల్ని పేరుపెట్టి అడగాలి. పరారుణం ఆ పని చేస్తుంది. ఏ బంధం ఏ వేగంతో కంపిస్తుందో దాన్నిబట్టి అణువు పేరు తెలుస్తుంది, భంగిమ కూడా తెలుస్తుంది.

ఇక పనితనం దగ్గరికి. పొర మందం రెండు, రెండున్నర నానోమీటర్లు. తోకల్లోని కార్బన్-హైడ్రోజన్ బంధాల్ని కదిలించే పరారుణపు అల పొడవు మూడున్నర మైక్రోమీటర్లు. అంటే అల పొడవులో పొర మందం దాదాపు పధ్నాలుగు వందలవ వంతు. పైగా నీటి మీద కాస్త ఏటవాలుగా పడిన పరారుణంలో తిరిగి వచ్చేది నూటికి రెండు మూడు వంతులే. మిగతాదంతా నీళ్లలోకి దిగి అక్కడే ఆరిపోతుంది. తిరిగొచ్చిన ఆ కొద్దిపాటి వెలుగులో పొర తెచ్చే మార్పు వెయ్యింట ఒకటి రెండు వంతులు.

పది టన్నుల లారీని కాటా మీదకు ఎక్కించి, అందులో పది కిలోల బియ్యం మూట ఉందో లేదో చెప్పమన్నట్టుంటుంది ఈ లెక్క. మూటతో ఒకసారి, మూట లేకుండా ఒకసారి తూచి తీసివేయాలి. కాటా ఎంత ఖచ్చితమైనదన్నది ఒక ఎత్తు, రెండు తూకాల మధ్య లారీలో డీజిల్ ఎంత కాలిందన్నది ఇంకో ఎత్తు.

ఇక్కడ డీజిల్ అంటే గాలిలోని నీటి ఆవిరి. తొట్టిలో నీళ్లుంటే పైన ఆవిరి ఉండక తప్పదు. అది వర్ణపటంలో సన్నని పళ్ల వరసలా అంతటా పొడుచుకొస్తుంది, ముఖ్యంగా సెంటీమీటరుకు 1400 నుంచి 1800 తరంగాల మధ్య. ప్రొటీన్ తన ఆకారం గురించి చెప్పే గుర్తు సరిగ్గా అక్కడే, 1600కూ 1700కూ మధ్య ఉంటుంది. మొదట పొర లేని నీటిని కొలిచి, తర్వాత పొర పరిచి మళ్లీ కొలిస్తే, ఈ మధ్యలో గదిలో తేమ మారిపోతుంది. తీసివేత ఆవిరిని తీసేయదు సరికదా, ఆవిరిలో వచ్చిన మార్పునే ఫలితంగా చూపిస్తుంది.

మెండెల్సన్ బృందం 1994లో ప్రచురించిన పరిష్కారం వింటే ఇంతేనా అనిపిస్తుంది. తొట్లు రెండు. ఒకదాంట్లో పొర, రెండోదాంట్లో ఉత్త నీరు. రెండూ ఒకే మూసిన పెట్టెలో, ఒకే తేమలో. పెట్టె అడుగున కదిలే బల్ల. కంప్యూటరు కొన్ని స్కాన్లు పొర మీద తీసి, బల్ల జరిపి, అన్నే స్కాన్లు నీటి మీద తీసి, మళ్లీ వెనక్కి జరుపుతుంది. ఇలా మళ్లీ మళ్లీ. రెండు తూకాల మధ్య కాలం ఎంత తగ్గితే ఆవిరి తేడా అంత తగ్గుతుంది. మిగిలిన తేడా ఎప్పుడూ ఒకవైపే ఉండదు కాబట్టి సగటులో కొట్టుకుపోతుంది. మెండెల్సన్ బృందం ఈ తొట్ల దారి పట్టగా, ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు వేరే దారిలో పోయారు. కిరణం ధ్రువణాన్ని సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుస్తూ, దిక్కును పట్టించుకోని ఆవిరిని లెక్కలోంచి తప్పించి, దిక్కున్న పొరను మాత్రమే పట్టుకున్నారు. వాళ్ల పద్ధతి తెలివైనది, ఒప్పుకుంటాను. అయినా నాకు తొట్ల పద్ధతే ఇష్టం. దానిలో దాచిందేమీ లేదు.

బల్ల జరపడం సులువని అనుకోకండి. నీళ్లు ఊగుతాయి. ఊగడం ఆగేదాకా కాచుకోవాలి. నీరు ఆవిరైపోతూ ఉంటే మట్టం కొద్దికొద్దిగా దిగుతుంది. మట్టం దిగితే తిరిగొచ్చే కిరణం పక్కకు జరిగి డిటెక్టరు అంచు తాకుతుంది. రెండు తొట్ల మట్టాలూ ఒకేలా ఉండాలి, రెండింటి వేడీ ఒకేలా ఉండాలి. తొట్టి టెఫ్లాన్‌తో చేసింది, ఎందుకంటే వేలిముద్రలోని జిడ్డు సైతం నీటి మీద తనకో పొర పరిచేస్తుంది. డిటెక్టరును ద్రవ నైట్రోజన్‌తో సున్నాకు దిగువన 196 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. ఆ చల్లదనం లేకపోతే డిటెక్టరు సొంత వేడి పుట్టించే రొదలోనే అసలు గుర్తు మునిగిపోతుంది.

ఈ పనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. కిరణాన్ని మింగేస్తుందని అందరూ తిట్టుకునే నీరే ఇక్కడ సాయం చేస్తుంది. లోపలికి దిగిన పరారుణాన్ని మొత్తం తాగేస్తుంది కాబట్టి తొట్టి అడుగు నుంచి ఏ ప్రతిబింబమూ పైకి రాదు. తిరిగొచ్చే వెలుగంతా ఉపరితలానిదే. లోపలి సంగతులు తెచ్చి కలిపే ప్రమాదం లేదు. మిగతా పరారుణ శాస్త్రమంతా తప్పించుకుతిరిగే దోషాన్ని పద్ధతికి ఆధారంగా నిలబెట్టడం సామాన్యమైన తెలివి కాదు.

ఇంత కష్టపడి తెచ్చిన వర్ణపటంలో మొదట చూసేది శిఖరం ఎక్కడుందన్నదే. తోకల్లో దాదాపు ప్రతి కార్బన్‌కూ రెండు హైడ్రోజన్లు. ఆ రెండూ కలిసి లోపలికీ బయటికీ కంపించే గుర్తు సెంటీమీటరుకు 2850 తరంగాల దగ్గర ఉంటుంది. తోక నిటారుగా ఉంటే 2849, 2850. అక్కడక్కడా మలుపు తిరిగి సడలితే 2853, 2854. తేడా నాలుగు తరంగాలు. పరికరం విడదీయగలిగేది కూడా నాలుగో ఎనిమిదో తరంగాలే. మరి అంత చిన్న జరుగుడును ఎలా నమ్మడం? శిఖరం వెడల్పు వేరు, శిఖరం నిలిచిన చోటు వేరు. పరికరంలో కదిలే అద్దం ఎక్కడుందో హీలియం-నియాన్ లేజరు ఎప్పటికప్పుడు కొలుస్తూ ఉంటుంది, దాంతో తరంగసంఖ్యల కొలబద్ద చెదరదు. కొలబద్ద చెదరనప్పుడు, మొద్దు శిఖరం నడిమి చోటును తరంగంలో పదో వంతు దాకా పట్టుకోవచ్చు. డీపీపీసీ పొరను మెల్లగా నొక్కుతూ పోతే ఈ అంకె కిందికి దిగుతుంది. తలతన్యత కొలిచి ఊహించిన బిగువు ఇప్పుడు బంధం కంపనంలో నేరుగా కనబడింది.

కిరణం వాలునూ ధ్రువణాన్నీ మార్చి చూస్తే తోకల వాలు కూడా తెలుస్తుంది. ఒక కోణం దాటాక కొన్ని శిఖరాలు తలకిందులవుతాయి. కింద ఉన్నది పైకి, పైన ఉన్నది కిందికి. మొదటిసారి చూసినవాడికి పరికరం చెడిపోయిందనిపిస్తుంది. నీటి మీది ప్రతిబింబానికి అది సహజం. ఎక్కడ తలకిందులవుతుంది, ఎంత లోతుగా అన్నది లెక్కగట్టి, బిగిసిన డీపీపీసీ తోకలు నిలువు నుంచి 25, 30 డిగ్రీలు వాలి ఉంటాయని తేల్చారు. ఎక్స్-రేలు చెప్పే అంకెతో ఇది సరిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సహజ సర్ఫక్టెంట్‌లో డీపీపీసీ సగానికి అటూ ఇటూ. మిగతా కొవ్వుల్లో చాలావాటి తోకల్లో ద్విబంధాలున్నాయి, అవి వంకరగా, మెత్తగా ఉంటాయి. అంత మెత్తని సరుకు కలిసిన పొర సున్నాకు దగ్గరైన తలతన్యతను ఎలా తట్టుకుంటుంది? చాలాకాలం చలామణీలో ఉన్న జవాబు: ఊపిరి వదిలేటప్పుడు మెత్తనివి పొరలోంచి కిందికి నెట్టబడతాయి, డీపీపీసీ ఒక్కటే మిగులుతుంది. వినడానికి సబబుగానే ఉంది. కానీ నెట్టబడ్డం ఎవరు చూశారు? రెండు కొవ్వుల తోకలూ కార్బన్-హైడ్రోజన్ బంధాలే. వర్ణపటంలో రెండూ ఒకేచోట పడతాయి.

1994లో మెండెల్సన్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. డీపీపీసీ తోకల్లోని హైడ్రోజన్లన్నిటినీ డ్యుటీరియంతో మార్చిన అణువును వాడారు. ఒక్కో తోకలో 31 హైడ్రోజన్లు, రెండింటిలో 62. బంధం అదే, రసాయనం దాదాపు అదే, పరమాణువు బరువు మాత్రం రెట్టింపు. బరువు పెరిగితే కంపనం నెమ్మదిస్తుంది. 2850, 2920ల దగ్గరుండే గుర్తులు 2090, 2195ల దగ్గరికి జరిగిపోతాయి. ఆ చోట పొరలోని ఇంకే పదార్థమూ అడ్డురాదు. ఇప్పుడు ఒకే వర్ణపటంలో ఇద్దరి హాజరూ విడివిడిగా పడుతుంది. పొరను నొక్కుతూ రెండు గుర్తుల ఎత్తుల నిష్పత్తి చూస్తే చాలు. (ఈ డ్యుటీరియానికి మూలసరుకైన భారజలం మన దగ్గర మణుగూరు పక్కన అశ్వాపురంలో తయారవుతుంది. ఆ పేరు వింటే అణు విద్యుత్తే గుర్తొస్తుంది గానీ, రసాయన శాస్త్రవేత్తలకు దానితో వేరే పనులూ ఉన్నాయి.)

జవాబు నాజూకుగా వచ్చింది. డీపీపీసీతో కలిపిన రెండో కొవ్వుకు కూడా పాల్మిటిక్ తోకలే ఉన్నప్పుడు, రెండూ కలిసే నలిగాయి, ఎవరూ బయటికి పోలేదు. రెండోదానికి ద్విబంధమున్న ఓలిక్ తోకలుంటే, ఒత్తిడి బాగా పెరిగాక దాని వాటా తగ్గింది. అంటే నెట్టివేత ఉన్నమాట నిజం, అందరికీ ఒకేలా వర్తించే నియమం మాత్రం కాదు. అంతకు అయిదేళ్ల ముందు, 1989లో డ్లూహీ, మెండెల్సన్ కలిసి ఆవుల సర్ఫక్టెంట్‌ను యథాతథంగా నీటి మీద పరిచి చూసినప్పుడు కూడా, అది శుద్ధ డీపీపీసీ అంత క్రమంగా సర్దుకోలేదు. సహజ పొర డీపీపీసీ ఒక్కటే మిగిలిన పొరలా ప్రవర్తించడం లేదు. పాఠ్యపుస్తకాల్లోని ముచ్చటైన కథకు ఇది ఇబ్బందే. తర్వాతి పరిశోధనలు నెట్టబడిన సరుకు పారిపోదనీ, ఎస్‌పి-బి, ఎస్‌పి-సి అనే ప్రొటీన్ల సాయంతో పొర కిందే మడతలుగా అంటిపెట్టుకుని ఉండి, ఊపిరి తీసుకోగానే మళ్లీ పైకి వచ్చి పరుచుకుంటుందనీ చూపించాయి.

పద్ధతి లోపాలు కూడా ఇక్కడే బయటపడతాయి. పొర కింద మడతపడిన సరుకు కొన్ని పదుల నానోమీటర్ల లోతునే ఉంటే పరారుణానికి అదీ ఉపరితలమే. ఒంటి పొరలో ఉందా, దానికి అంటుకుని కింద ఉందా అన్నది ఈ కిరణం విడదీయలేదు. రెండో లోపం వేగం. పుట్టిన బిడ్డ నిమిషానికి నలభై నుంచి అరవైసార్లు ఊపిరి పీలుస్తుంది. తొట్లు అటూ ఇటూ జరిపి ఒక మంచి వర్ణపటం తీయడానికి నిమిషాలు పడుతుంది. ఊపిరి వేగంతో కదిలే పొర గురించి తెలుసుకోవాలంటే బుడగల్ని నొక్కి కొలిచే పరికరాల దగ్గరికి పోవాల్సిందే. వాటిలో అణువు పేరు తెలియదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవక తప్పదు.

అయినా నీటి మీదనే చూడాలి, ఇంకెక్కడా కుదరదు అని తేల్చిన ఉదాహరణ ఒకటి చెప్పాలి. ఎస్‌పి-బి పనిని అనుకరించడానికి కృత్రిమంగా అల్లిన పెప్టైడ్ ఉంది, కేఎల్4 అంటారు. ఒక లైసిన్, నాలుగు ల్యూసిన్లు, మళ్లీ ఒక లైసిన్, ఇదే వరస. మొత్తం 21 అమైనో ఆమ్లాలు. కొవ్వు పొరలతో కలిపి ద్రవంలో చూస్తే ఇది హెలిక్స్‌గా చుట్టుకుని కనిపిస్తుంది. అందరూ అదే దాని ఆకారమనుకున్నారు. 2003లో మెండెల్సన్ ప్రయోగశాల దాన్ని నీటి మీది ఒంటి పొరలో పరిచి చూసింది. హెలిక్స్ గుర్తు ఉండాల్సిన 1650 పైచిలుకు చోట కాకుండా, పలకలా పరుచుకునే బీటా షీట్ ఆకారపు గుర్తు ఉండే 1620లలో శిఖరం వచ్చింది. అదే పెప్టైడ్, అవే కొవ్వులు, చోటు మారితే ఆకారం మారింది. ఊపిరితిత్తుల్లో దాని పని జరిగేది గాలికీ నీటికీ మధ్యనున్న ఆ గీత మీదే కాబట్టి, దాని గురించి ఊహించేటప్పుడు ఇది మరిచిపోకూడని సంగతి. ఈ పెప్టైడ్‌తో చేసిన లూసినాక్టెంట్ మందుకు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది.

ఆ 1620ల శిఖరం ఉన్న ప్రాంతం నీటి ఆవిరి పళ్ల వరస మధ్యలోనే ఉంది. తొట్లు జరిపే బల్ల లేకపోతే అది ఆవిరో, పెప్టైడో తేల్చడం కష్టమయ్యేది. ఇంకో చిక్కు ద్రవరూపంలోని నీటిదే, దాని సొంత కంపనం 1640 దగ్గరుంటుంది. అందుకే ఇలాంటి చోట తొట్టిలో మామూలు నీటికి బదులు భారజలం నింపుతారు, అప్పుడు ఆ కంపనం 1215 దగ్గరికి జరిగి దారి వదులుతుంది.

ఊపిరితిత్తుల పొర మీద పరారుణ పరిశోధన పత్రం ఏదైనా మీ చేతికి వస్తే, ఫలితాల పేరా తర్వాత చదువుదురుగాని. ముందు బొమ్మలో 1500 నుంచి 1700 వరకు ఉన్న భాగం చూడండి. గీత నున్నగా ఉంటే తక్కినదంతా నమ్మి చదవవచ్చు. సన్నని పళ్లు ఇంకా పొడుచుకొస్తుంటే, ప్రొటీన్ ఆకారం గురించి ఆ రచయితలు ఎంత గట్టిగా చెప్పినా సందేహించండి.